నా ఖాతాలో ఆయన జవాబులు

మా ఊళ్ళో శనివారం మధ్యాహ్నం ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఒకటే తంతు. ఆడవాళ్ళం వంటింటి గట్టు చుట్టూ నిలబడతాం. మగవాళ్ళు సోఫాల్లో కూలబడి పాస్‌వర్డ్‌ల గురించి వాదించుకుంటారు. కొన్నేళ్ళ కిందట క్రెడిట్ కార్డు పాయింట్ల గురించి ఇలాగే వాదించుకున్నారు. ఆ తర్వాత ఎలక్ట్రిక్ కార్ల గురించి. సబ్జెక్టు మారుతుంది గానీ గొంతులు మారవు. చేతిలో ఉన్నది మజ్జిగ గ్లాసే అయినా దేశ రహస్యాలు కాపాడుతున్నట్టు మొహాలు పెడతారు.

అమెరికాలో మేముండే ఈ బెంటన్‌విల్ చిన్న ఊరు. మనవాళ్ళలో చాలామంది ఒకే పెద్ద కంపెనీకి, నేరుగానో కాంట్రాక్టు మీదో పనిచేస్తారు. కాబట్టి ఒకరికి పట్టిన పిచ్చి అందరికీ అంటుకోవడానికి ఎంతో కాలం పట్టదు. ఈ పాస్‌వర్డ్ పిచ్చిలో రెండు పక్షాలున్నాయి. ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ దానంతట అదే ఉండి పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే మేనేజర్ చాలు అనేవాళ్ళు ఒక పక్షం. వేరే కంపెనీ యాప్‌కి ఏటా చందా కట్టి వాడుకోవాలి, లేకపోతే కొంప మునుగుతుంది అనేవాళ్ళు రెండో పక్షం. రెండో పక్షానికి ఒక గురువున్నాడు. కరీంనగర్ మనిషి, ఆఫీసులో సెక్యూరిటీ టీమ్‌లో పని. మా ఆయన్ని అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. నేను మనసులో గురువుగారు అనుకుంటాను.

గురువుగారింట్లో భోజనాలప్పుడే మా ఆయన మతం మారాడు.

"అన్నా, బ్రౌజర్ల పాస్‌వర్డులు సేవ్ చేసుడంటే ఇంటి తాళంచెవి డోర్‌మ్యాట్ కింద పెట్టినట్టే. నువ్ ఇంత సీనియర్‌వి, ఇంకా గిట్లనే చేస్తున్నవా?" అన్నాడు గురువుగారు.

మా ఆయన మొహం మాడిపోయింది. ఆయన్ని తెలివితక్కువవాడని అన్నా ఊరుకుంటాడు గానీ పాతకాలం వాడంటే ఊరుకోలేడు. అప్పటికప్పుడు అరచేతిలో ఫోన్ పెట్టుకుని ఏది కొనాలో అడగడం మొదలుపెట్టాడు. గురువుగారు లేచి టీవీ మీద బొమ్మలు గీసి చూపించాడు. మధ్యలో పెరుగు కోసం గరిటె కావాల్సి వచ్చి, "ఏమే, గరిటెలు ఏడుంటయ్?" అని భార్యని అరిచాడు. ఆ ఇల్లు కొని ఏళ్ళయింది. సొంతింట్లో గరిటెలు ఎక్కడుంటాయో తెలియని మనిషి ప్రపంచంలో ఏ రహస్యం ఎక్కడ దాచాలో చెబుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గుడ్లప్పగించి వింటున్నారు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను టెస్టర్ని. లారీల రాకపోకలు చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పని. ఇంజినీర్లు గొప్పగా రాసి పంపినదాన్ని ఒక మామూలు డ్రైవర్ ఎక్కడ తప్పు నొక్కుతాడో, ఎక్కడ తిట్టుకుంటాడో కనిపెట్టి చెప్పడం నా ఉద్యోగం. ఈ ఉద్యోగం నాకు ఊరికే రాలేదు. మా ఆయన వీసా మీద ఆయన భార్యగా వచ్చినదాన్ని. ఏళ్ళ తరబడి పని చేసే అనుమతి లేక ఇంట్లో కూర్చున్నాను. హైదరాబాద్‌లో నా కింద టీమ్ ఉండేది. ఇక్కడికొచ్చాక నా కింద ఉన్నది వాక్యూమ్ క్లీనరే. ఆ తర్వాత మా ఆయన గ్రీన్‌కార్డు వ్యవహారం కొంత ముందుకు కదిలి, నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. ఒక ప్లాస్టిక్ కార్డు. దాని గడువు తీరేలోపు రెన్యువల్ కాకపోతే మర్నాడు ఆఫీసులో అడుగు పెట్టకూడదు. కార్డు లేకుండా ఒక్క పూట పని చేసినా తప్పే. నా జీతం, నా కుర్చీ, పొద్దున తల దువ్వుకుని కారెక్కడానికి నాకున్న కారణం, అన్నీ ఆ కార్డు మీదే ఉన్నాయి. మిగతా వాళ్ళకి పాస్‌వర్డ్ అంటే కబుర్లు. నాకు ఆ కార్డు ఇచ్చే ప్రభుత్వ సైట్‌లో ఉన్న ఒక్క ఖాతా పాస్‌వర్డ్ అంటే బతుకు.

మర్నాడు ఆదివారం పొద్దున మా ఇంట్లో మైగ్రేషన్ మొదలైంది. ఆయన ఆ మాటే వాడాడు. దేశాలు మారినప్పుడు కూడా అంత హడావుడి చేయలేదు. బ్రౌజర్‌లో ఉన్న పాస్‌వర్డ్‌లన్నీ ఒక ఫైల్‌లోకి దింపి, ఆ ఫైల్‌ని కొత్త యాప్‌లోకి ఎక్కించాడు. ఎక్కించాక చెయ్యి దులుపుకుని కాఫీ అడిగాడు. అన్ని పాస్‌వర్డ్‌లూ బట్టబయలుగా, మామూలు అక్షరాల్లో ఉన్న ఆ ఫైలు మాత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అలాగే పడి ఉంది. నేను చూసి చెప్పేదాకా ఆయనకి పట్టలేదు. చెబితే, "తీసేద్దామనే అనుకుంటున్నా" అన్నాడు. డోర్‌మ్యాట్ కింద తాళంచెవి పెట్టడం తప్పని మొత్తం గుత్తిని వీధి గుమ్మంలో వదిలేసిన మనిషి అన్న మాట అది.

ఆ తర్వాత నేను దోసెలు పోస్తుంటే నా ఫోన్ మోగింది. నాకు రెండడుగుల దూరంలో కూర్చున్న మొగుడు నన్ను కుటుంబంలో చేరమని ఈమెయిల్ పంపాడు. ఆ యాప్‌లో ఫ్యామిలీ ప్లాన్ అని ఉంటుందట. అందులో ఆయన ఆర్గనైజర్, నేను మెంబర్. ఆయన ఒప్పుకుంటేనే నేను ఉంటాను.

"యాక్సెప్ట్ కొట్టు" అన్నాడు.

"దోసె మాడుతోంది" అన్నాను.

చివరికి కొట్టాను. కొట్టకపోతే గొడవ. అయితే నా ఫోన్‌లో మొదటినుంచీ ఉన్న మేనేజర్ని తీసేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. దానితో మా ఇంట్లో ఒకే పనికి ఇద్దరు మేనేజర్లు తయారయ్యారు.

ఆ నెలల్లో నేను పడిన బాధ ఏ టెస్టరూ పడకూడదు. ఏ సైట్ తెరిచినా పేరు రాసే గడి కింద రెండు చీటీలు లేచేవి. ఒకటి ఫోన్‌ది, ఒకటి యాప్‌ది. ఒకదాని మీద ఒకటి ఎక్కి, గడి కనపడకుండా కప్పేసేవి. యాప్ వాళ్ళు తమ గుర్తుని పాస్‌వర్డ్ గడిలోనే పెట్టారు. కొట్టిన పాస్‌వర్డ్‌ని చూపించే కన్ను బొమ్మ సరిగ్గా ఆ గుర్తు వెనక దాక్కునేది. కొత్త పాస్‌వర్డ్ పెడితే ఒకటి సేవ్ చేసుకునేది, ఇంకోటి పాతదాన్నే పట్టుకుని వేలాడేది. ఒక్కోసారి సేవ్ చేయమంటావా అని అడిగిన చీటీ నా వేలు అక్కడికి చేరేలోపే మాయమయ్యేది. అప్పుడు ఆ పాస్‌వర్డ్ ఈ భూమ్మీద ఎవరి దగ్గరా లేనట్టే. ఇండియాలో మన బ్యాంకు సైట్‌కి వెళితే మరీ వినోదం. అక్కడ అతికించడానికి వీల్లేదు, తెర మీద కనిపించే కీబోర్డు మీదే ఒక్కో అక్షరం నొక్కాలి. అక్కడ ఇద్దరు మేనేజర్లూ చేతులు కట్టుకుని నిలబడతారు.

నిజం చెప్పాలంటే రెండింటిలో ఏదీ పూర్తిగా పనికిమాలింది కాదు. ఫోన్‌తో వచ్చినది మొహం చూపిస్తే తెరుచుకుంటుంది, నోరు మూసుకుని తన పని చేసుకుపోతుంది. నేర్చుకోవాల్సిందేమీ ఉండదు. అయితే దానికి తన కంపెనీ వస్తువులే మనుషులు. మా ఆఫీసు ల్యాప్‌టాప్ వేరే కంపెనీది. అక్కడ అది ఉన్నట్టే ఉండదు. ఫోన్‌ని ఒళ్ళో పెట్టుకుని, గీతలూ చుక్కలూ ఉన్న ఇంత పొడుగు పాస్‌వర్డ్‌ని చూసి కొట్టుకోవాలి. యాప్ మాత్రం ఎక్కడికైనా వస్తుంది. కానీ వచ్చినప్పుడల్లా మాస్టర్ పాస్‌వర్డ్ అడుగుతుంది, వాల్ట్ అంటుంది, కలెక్షన్ అంటుంది, ఐటెమ్ అంటుంది, నెలకోసారి మొహం మార్చుకుంటుంది. ఒకటి ఇల్లు కదలని మనిషి, ఇంకోటి నోరు మూయని మనిషి. ఏది మేలని నన్నెవరైనా అడిగితే, ఒకే కంపెనీ వస్తువులు వాడేవాళ్ళకి మొదటిది, రకరకాలు వాడేవాళ్ళకి రెండోది అని చెప్పేదాన్ని. ఒక్క ముక్కలో అయిపోయేది. కానీ సోఫాల్లోంచి లేచి వంటింట్లోకి వచ్చి ఎవరడుగుతారు? మేం అక్కడ గారెలు తిరగేస్తున్నాం కదా.

ఆ వంటింట్లో నేను తరచూ వినే మాట ఇంకోటుంది. "మా వారు చూసుకుంటారు." బ్యాంకు సంగతి వచ్చినా, ఇన్సూరెన్స్ సంగతి వచ్చినా, వీసా సంగతి వచ్చినా అదే మాట. గర్వంగా కూడా అంటారు. మేమందరం ఇక్కడ దిగిన రోజున మాకు ఒక ఫోన్ నంబరు కూడా లేదు. మొగుడి ఈమెయిల్‌తో, మొగుడి నంబర్‌తో మా పేరున ఖాతాలు పుట్టాయి. తర్వాత మాకు నంబర్లు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి, కార్లు వచ్చాయి. ఖాతాలు మాత్రం పుట్టిన చోటే ఉండిపోయాయి. మా ఆయన అయితే మా ఇద్దరికీ కలిపి ఒక ఫ్యామిలీ ఈమెయిల్ తయారుచేశాడు. దాని పేరులో మొదట ఉండేది ఆయన ఇంటిపేరు, తర్వాత ఆయన పేరు, చివర ఫ్యామిలీ అన్న మాట. ఆ పెట్టె తెరిచి చూసేది ఆయనొక్కడే.

నా వర్క్ పర్మిట్ రెన్యువల్ కూడా ఆయనే ఆన్‌లైన్‌లో పెట్టాడు. పెట్టాక తన వీసా స్టాంపింగ్ కోసం ఇండియా వెళ్ళాడు. విజయవాడలో వాళ్ళక్క ఇంట్లో దిగాడు. పెసరట్ల ఫోటోలు పంపాడు. వాటి మధ్యలో ఒక రోజు ఒక మెసేజ్ వచ్చింది. "నీ రెన్యువల్‌కి మన మ్యారేజ్ సర్టిఫికెట్ క్లియర్ కాపీ అడిగారు. మెయిల్ ఇప్పుడే చూశా, వచ్చి చాలా రోజులైంది. లాస్ట్ డేట్ దగ్గర్లో ఉంది. లాగిన్ యాప్ వాల్ట్‌లో ఉంది. అప్‌లోడ్ చేసెయ్." కింద ఒక బొటనవేలు బొమ్మ.

నాకు ఒళ్ళు మండింది. నా బతుకు మీద వచ్చిన ఉత్తరం ఆయన పెట్టెలో పడి ఉంది, ఆయన పెసరట్లు తింటున్నాడు. తిట్టడానికి కూడా టైమ్ లేదు. సర్టిఫికెట్ స్కాన్ అదృష్టవశాత్తూ నా ఫోన్‌లోనే ఉంది. లంచ్ టైమ్‌లో పార్కింగ్ లాట్‌కి వెళ్ళి, కార్లో కూర్చుని, పెరుగన్నం డబ్బా పక్క సీట్లో పెట్టి, సైట్ తెరిచాను.

రెండు చీటీలూ లేచాయి. అలవాటు కొద్దీ ఫోన్ ఇచ్చినది కొట్టాను. తప్పు. మా ఆయన మైగ్రేషన్ తర్వాత దాన్ని మార్చి ఉంటాడు, నా ఫోన్‌కి ఆ కబురు అందలేదు. యాప్ చీటీ నొక్కాను. ఒకే సైట్ పేరుతో రెండు వరసలు కనిపించాయి. ఒకటి ఆయనది, ఒకటి నాది. ఏది ఎవరిదో తేల్చడానికి కింద ఈమెయిల్ చూపిస్తారు. రెండు ఈమెయిళ్ళూ ఆయన ఇంటిపేరుతోనే మొదలవుతాయి. తెర ఇరుకై, ఇంటిపేరూ పేరూ అయ్యాక మూడు చుక్కలు పెట్టి వదిలేశారు. నా తేడా అంతా ఆ చుక్కల తర్వాత ఉంది. మా ఆఫీసులో ఎవరైనా ఇలాంటి తెర చేసి పంపితే తిప్పి పంపేదాన్ని.

రెండోదాన్ని నొక్కాను. పాస్‌వర్డ్ సరిపోయింది! గురువుగారు గెలిచాడనుకోండి. తెర మీద తర్వాతి మాట వచ్చింది: మీ ఫోన్‌కి కోడ్ పంపాం. నా ఫోన్‌కి ఏమీ రాలేదు. ఆ ఖాతాలో నా ఫోన్ అంటే మా ఆయన ఫోన్ అని నాకప్పుడు వెలిగింది.

ఇన్ని శనివారాలు, ఇన్ని బొమ్మలు, ఇంత వాదన. తాళం ఏ కంపెనీది కొనాలా అని జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ఇల్లు ఎవరి పేరున ఉందో ఒక్కడికీ అడగాలనిపించలేదు.

కోడ్ రాకపోతే ఇంకో దారి ఉంది. ఖాతా తెరిచినప్పుడు పెట్టుకున్న రహస్య ప్రశ్నలకి జవాబు చెబితే చాలు. అవి నా గురించిన ప్రశ్నలు. హమ్మయ్య అనుకున్నాను. మీరు మొదట చదివిన బడి ఏ ఊళ్ళో ఉంది? తెనాలి అని కొట్టాను. మీకు ఇష్టమైన వంటకం? చింతచిగురు పప్పు. చిన్నప్పుడు మీరేం కావాలనుకున్నారు? దీనికి నాకు నవ్వొచ్చింది. మా బడి స్టేషన్‌కి దగ్గర. ఆగిన రైలు కదిలేటప్పుడు చివరి పెట్టెలోంచి గార్డు పచ్చజెండా ఊపేవాడు. అంత పెద్ద బండి అతను ఊపితేనే కదిలేది. నాకు రైలు గార్డు కావాలని ఉండేది. రైలు గార్డు అని కొట్టాను.

జవాబులు సరిపోలేదు, అంది సైట్. ఇంకొక్కసారి తప్పు చెబితే ఖాతా తాత్కాలికంగా మూసేస్తాం, అంది.

నా బడి నాకు తెలియదా? నా నోటికి ఏది రుచో నాకు తెలియదా? ఆ తెర నన్ను చూసి, నువ్వు నువ్వు కాదు పొమ్మంటోంది. గడువు దగ్గర పడింది. ఖాతా మూసుకుపోతే, తెరిపించడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. మా ఆయనకి ఫోన్ చేశాను. అక్కడ పడుకునే వేళ.

"ఏవండీ, మీ అమెరికా నంబర్‌కి ఓటీపీ వచ్చిందా?"

"ఆ సిమ్ తీసేశా కదా. పర్సులో ఉంది."

"పెట్టండి మళ్ళీ."

"పెట్టినా రాదు. రోమింగ్ ఆన్ చెయ్యలేదు. ఆన్ చెయ్యాలంటే ఫోన్ కంపెనీ సైట్‌లో లాగిన్ అవ్వాలి. లాగిన్ అవ్వాలంటే ఓటీపీ కావాలి. అది ఆ నంబర్‌కే వస్తుంది."

ఇదంతా ఆయన చాలా శాంతంగా, ఒక డిజైన్ వివరిస్తున్నట్టు చెప్పాడు. సరిగ్గా అప్పుడే ఊళ్ళో సైరన్ మొదలైంది. మా వైపు సుడిగాలులు వస్తాయి కాబట్టి, నెలకోసారి మధ్యాహ్నం పూట సైరన్లు పనిచేస్తున్నాయో లేదో చూస్తారు.

"ఏంటా మోత?" అన్నాడు.

"టెస్ట్. సరే గానీ, సెక్యూరిటీ క్వశ్చన్స్‌కి నా ఆన్సర్లు తప్పంటోంది. నా బడి తెనాలి కదా?"

"అయ్యో, అలా కొట్టావా? బాపట్ల అని కొట్టాలి."

"బాపట్ల మీ ఊరు."

"అవును. అన్ని అకౌంట్లకీ నా ఆన్సర్సే పెడతా. లేకపోతే ఎవరికి గుర్తుంటాయి?"

సైరన్ ఇంకా మోగుతోంది. ఆయన నేను రాసుకుంటున్నాననుకుని మిగతావి చెప్పుకుంటూ పోయాడు.

"ఫేవరెట్ ఫుడ్, చికెన్ బిర్యానీ. చిన్నప్పుడు ఏమవ్వాలనుకున్నావ్ అంటే, పైలట్. అన్నీ చిన్న లెటర్స్. అయిందా?"

నాకు చిన్నప్పటినుంచీ నీచు వాసన పడదు. గుడ్డు కూడా ముట్టను. ఆయన కోసం బిర్యానీ వండే రోజు కిటికీలన్నీ తెరిచి, ముక్కుకి చున్నీ కట్టుకుని వండుతాను. ఆ చున్నీ ఆయన చూస్తాడు, నవ్వుతాడు, ఫోటో తీసి వాళ్ళక్కకి పంపుతాడు. అంతా తెలిసిన మనిషే నా పేరున తెరిచిన ఖాతాలో నాకు చికెన్ బిర్యానీ ఇష్టమని రాశాడు. అబద్ధం చెప్పాలని కాదు. అక్కడ నేనొక మనిషినని తోచలేదు, అంతే. నాకు ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. ఆ క్షణంలో ఆయన ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో, ఇక్కడ రాయడం బాగుండదు.

ఫోన్ పెట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. బాపట్ల అని కొట్టాను. చికెన్ బిర్యానీ అని కొట్టాను. పైలట్ అని కొట్టాను. ధన్యవాదాలు, ఇది మీరేనని నిర్ధారించుకున్నాం, అంది సైట్.

సర్టిఫికెట్ ఎక్కించాను. అందింది అని పచ్చ గుర్తు వచ్చింది. ఇక దిగి ఆఫీసులోకి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఈమెయిల్ తీసేసి నాది పెట్టాను. నంబర్ తీసేసి నాది పెట్టాను. పాస్‌వర్డ్ నాకు నేనుగా ఆలోచించి పెట్టాను. చివరికి ఆ మూడు ప్రశ్నల దగ్గరికి వెళ్ళి ఆయన జవాబులు ఒక్కోటీ చెరిపేసి నావి రాశాను. సేవ్ నొక్కగానే రెండు చీటీలూ ఎప్పట్లాగే తోసుకుంటూ వచ్చాయి. గుర్తుపెట్టుకోమంటావా అని ఫోన్ అడిగింది. కుటుంబంతో పంచుకోమంటావా అని యాప్ అడిగింది. రెండింటికీ వద్దని చెప్పి, పెరుగన్నం తిన్నాను.

పాత కార్డు గడువు ఉండగానే కొత్త కార్డు వచ్చింది. పోస్టు డబ్బా దగ్గరే కవరు చింపి, కార్డు మీద నా ఫోటో చూసుకుని, నిలబడిన చోటే కాసేపు ఉండిపోయాను. ఆ ఫోటోలో నేను దొంగలా ఉన్నాను. అయినా నచ్చింది.

మా ఆయన తిరిగొచ్చాక మళ్ళీ శనివారం వచ్చింది, మళ్ళీ గురువుగారిల్లు. మా కథ అక్కడ జోకు అయింది. మా ఆయనే చెప్పాడు. సిమ్ సంగతి చెప్పినప్పుడు అందరూ నవ్వారు. బిర్యానీ సంగతి చెప్పినప్పుడు ఇంకా నవ్వారు. వంటింటి గట్టు దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. గురువుగారి భార్య స్టవ్ ఆపి, ఒక్క క్షణం ఆలోచించి, "నాది గూడ గట్లనే ఉంటదేమో అక్కా" అంది నెమ్మదిగా.

సోఫాలో తీర్పు చెప్పడం అప్పటికే అయిపోయింది. "అన్నా, తప్పు నీదే. ఆ ఆన్సర్లు గూడ యాప్‌తోనే జనరేట్ చేపియ్యాలె. అర్థం పర్థం లేని అక్షరాలు పెట్టి, వాల్ట్ల సేవ్ చెయ్యాలె. మనిషిని నమ్ముడే తప్పు" అన్నాడు గురువుగారు. మొదటి పక్షం వాళ్ళు దానికి అడ్డం తిరిగారు. ఫోన్‌తో వచ్చే బిల్టిన్ మేనేజర్ అయితే ఈ తలనొప్పే ఉండేది కాదన్నారు. టీవీ ఆన్ అయింది. గురువుగారు లేచాడు. బొమ్మలు మొదలయ్యాయి. నేను చేతులు తుడుచుకుని, నా చెప్పులు వెతుక్కుని, పోదాం పదండి అన్నాను.

ఇంకా ఎండగానే ఉంది. కారు ఆయన నడుపుతున్నాడు. సైకిళ్ళ బాట పక్కన సిగ్నల్ దగ్గర ఆగాం.

"అన్నట్టు, ఆ సైట్‌లో కొత్త ఆన్సర్స్ ఏం పెట్టావ్? ఎమర్జెన్సీలో నాకు కావాలి కదా" అన్నాడు.

"నిజాలే పెట్టాను. మీకు తెలిసినవేగా."

ఆయన నవ్వాడు. "స్కూల్, తెనాలి."

"ఊఁ."

"ఫుడ్..." అని ఆగాడు. స్టీరింగ్ మీద వేళ్ళతో కొట్టుకున్నాడు. "పప్పుచారు?"

నేను సైకిళ్ళ బాట వైపు చూశాను.

"చిన్నప్పుడు ఏమవ్వాలనుకున్నావంటే..." పచ్చ లైటు పడింది. ఆయన కదల్లేదు. ఈ ఊళ్ళో ఎవరూ హారన్ కొట్టరు, వెనకవాళ్ళు ఓపిగ్గా చూస్తున్నారు. నేను వెక్కిరించడానికి సిద్ధంగా ఉన్నాను. అయినా, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆయన చెప్పాలని నాకు చాలా ఉంది. ఒక్కసారైనా చెప్పి ఉంటాను కదా, ఇన్నేళ్ళలో, ఏదో ఒక రైలు ప్రయాణంలో.

"టీచరా?" అన్నాడు.

"కాదు."

వెనక కారు చిన్నగా హారన్ కొట్టింది. ఆయన బండి కదిలించి, రోడ్డు మీదే చూపు పెట్టి అడిగాడు.

"యాప్‌లో సేవ్ చేశావా?"